సర్వే నంబరు దగ్గర ఆగిపోయిన ప్రోగ్రాము

ప్రశ్న: మా ప్రాంతంలోని బత్తాయి తోటల వివరాలను ఎక్సెల్ షీట్‌లో నమోదు చేసి, పైథాన్‌లో పాండాస్ అనే పట్టికల లైబ్రరీతో చదివించి, ప్రతి సర్వే నంబరును గీత (/) దగ్గర విడదీసి మూల నంబరును, ఉపవిభాగాన్ని వేర్వేరు గడుల్లో ఉంచాలనుకున్నాను. 40 వరుసల వరకు సవ్యంగా నడిచిన ప్రోగ్రాము ఆ తరువాత 'ఇంట్ ఆబ్జెక్ట్ హ్యాజ్ నో ఆట్రిబ్యూట్ స్ప్లిట్' అంటూ ఆట్రిబ్యూట్ ఎర్రర్ చూపి ఆగిపోయింది. విలువను ఎస్‌టీఆర్‌తో స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరుసగా, మార్చితే ఎర్రర్ పోయింది కానీ, కొందరు రైతుల సర్వే నంబరు 'నాన్' అని వస్తున్నది. పొరపాటు ఎక్కడ ఉన్నది?
ఒక పాఠకుడు, నకిరేకల్

జవాబు: ఆ ఎర్రర్ సందేశంలోనే సగం జవాబు ఉన్నది. స్ప్లిట్ అనేది స్ట్రింగ్‌ను ముక్కలుగా విడదీసే మెథడ్, పూర్ణాంకానికి అది లేదు. మీరు దానిని అడిగిన చోటికి స్ట్రింగ్‌కు బదులు పూర్ణాంకం వచ్చిందని పైథాన్ చెబుతున్నది. '125/అ' అని రాసిన గడిని ఎక్సెల్ అక్షరాలుగా దాచుకుంటుంది, ఉపవిభాగం లేని 125ను మాత్రం అంకెగా దాచుకుంటుంది. కనుక కంటికి ఒకే తీరుగా కనిపించే ఆ నిలువు వరుసలో నిజానికి రెండు మూడు రకాల డేటా కలిసి ఉన్నది. ఖాళీగా వదిలిన గడి పాండాస్‌లో 'నాన్' అవుతుంది; అది ఫ్లోట్, అంటే దశాంశ సంఖ్యల, రకానికి చెందిన విలువ. దానిని మీరు ఎస్‌టీఆర్‌కు అందించగానే, విలువ లేదని తెలిపే గుర్తు కాస్తా మూడక్షరాల మాటగా మారి సర్వే నంబరు స్థానంలో కూర్చున్నది. ప్రోగ్రాము ఆగిపోవడం కంటే ఇది ప్రమాదకరమని నా అభిప్రాయం, ఎందుకంటే ఆగిన ప్రోగ్రాము తప్పు జాబితాను ఇవ్వదు.

ముందుగా ఆ నిలువు వరుసకు మ్యాప్ ద్వారా టైప్‌ను వర్తింపజేసి, వాల్యూ కౌంట్స్‌తో ఏ రకం విలువలు ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకోండి. ఆ తరువాత షీట్‌ను చదివించే రీడ్ ఎక్సెల్‌లోనే ఆ నిలువు వరుసకు డీటైప్‌ను, అంటే డేటా రకాన్ని, ఎస్‌టీఆర్‌గా నిర్దేశించండి. అప్పుడు 125 కూడా స్ట్రింగ్‌గానే లోపలికి వస్తుంది, ఖాళీ గడి మాత్రం 'నాన్'గానే మిగులుతుంది. అటువంటి వరుసలను, ఖాళీ విలువలను గుర్తించే ఇజ్‌నా సహాయంతో పక్కకు తీసి, ఆ రైతులను అడిగి నింపండి. లూప్ రాయకుండా పాండాస్‌లోని ఎస్‌టీఆర్ డాట్ స్ప్లిట్ వాడితే ఖాళీ గడి దగ్గర పని ఆగదు.

మీరు అడగకపోయినా చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. సర్వే నంబరు 12/5 అని మామూలు గడిలో టైపు చేస్తే ఎక్సెల్ దానిని తేదీగా మార్చేస్తుంది. లెక్కలో డేట్‌టైమ్ అనే రకం కనిపించిందంటే జరిగినది ఇదే. డీటైప్ నిర్దేశించినా ఆ గడి నుండి 'సంవత్సరం, నెల, రోజు' వరుసలో తేదీయే వస్తుంది, అసలు నంబరు రాదు. కనుక అటువంటి వాటిని పాసుపుస్తకం చూసి మళ్లీ ఎక్కించుకోవాలి. కొత్త షీట్‌లో అయితే టైపు చేయడానికి ముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా ఫార్మాట్ చేయండి, ఎక్కించిన తరువాత ఫార్మాట్ మార్చితే పోయిన గీత తిరిగి రాదు.

ప్రశ్న: పేర్ల లిస్ట్‌ను సార్ట్ చేసి, ఫలితాన్ని అదే పేరుతో దాచుకొని, తరువాత అపెండ్‌తో చివర మరో పేరు చేర్చబోతే 'నన్‌టైప్' అనే ఆబ్జెక్ట్‌కు అపెండ్ లేదంటున్నది. నేను ఇచ్చినది లిస్టే కదా?
డిగ్రీ విద్యార్థిని, మహబూబ్‌నగర్

జవాబు: మీరు ఇచ్చినది లిస్టే, మిగిలినది లిస్ట్ కాదు. సార్ట్ అనేది మీ లిస్ట్‌ను ఉన్నచోటనే సర్ది, ఫలితంగా విలువ ఏదీ లేదని తెలిపే 'నన్' ఇస్తుంది. దానిని అదే పేరుకు అప్పగించడం వల్ల మీ లిస్ట్ చేజారింది. సార్ట్‌ను విడి వాక్యంగా రాయండి, లేదా కొత్త లిస్ట్‌ను ఇచ్చే సార్టెడ్‌ను వాడండి. అపెండ్ కూడా 'నన్'నే ఇస్తుంది కనుక దాని ఫలితాన్ని సైతం ఏ పేరుకూ అప్పగించకండి.