పాఠకుల సందేహాలు: ఫెచ్‌మెయిల్ ఒకటే, సర్వర్ల తీరే వేరు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు లినక్స్‌లో ఫెచ్‌మెయిల్ గురించినవే. మెయిల్ సర్వర్‌లో ఉన్న ఉత్తరాలను మన కంప్యూటర్‌కి తెచ్చిపెట్టే ప్రోగ్రామ్ అది. కాన్ఫిగ్ ఫైలు అన్నచోటల్లా మీ హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే 'ఫెచ్‌మెయిల్ఆర్‌సీ' ఫైలని అర్థం. ఇక్కడ తెలుగు లిపిలో ఇచ్చిన కాన్ఫిగ్ పదాలను, సర్వర్ పేర్లను ఆ ఫైలులో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేసుకోవాలి.

ప్రశ్న: జీమెయిల్, యాహూ, జోహో మూడు ఖాతాలూ ఒకే కాన్ఫిగ్ ఫైలులో పెట్టాను. బ్రౌజర్‌లో మూడు పాస్‌వర్డ్‌లూ పనిచేస్తున్నాయి. ఫెచ్‌మెయిల్ మాత్రం మూడింటికీ 'ఆథరైజేషన్ ఫెయిల్యూర్' అంటోంది. ఎక్కడ పొరపాటు? – విజయనగరం పాఠకుడు

జవాబు: మూడింటికీ కారణం ఒకటి కాదు. బ్రౌజర్‌లో కొట్టే పాస్‌వర్డ్‌ని ఇలాంటి ప్రోగ్రామ్‌ల నుంచి జీమెయిల్, యాహూ తీసుకోవు. జీమెయిల్ వ్యక్తిగత ఖాతాలకు ఆ దారి 2022 మే 30న మూసేసింది. ముందు గూగుల్ ఖాతాలో టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి, అది లేకపోతే యాప్ పాస్‌వర్డ్ ఇవ్వరు. తర్వాత యాప్ పాస్‌వర్డ్ తయారుచేస్తే 16 అక్షరాలు, నాలుగేసి చొప్పున విడివిడిగా కనిపిస్తాయి. మధ్య ఖాళీలు తీసేసి, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి. యాహూకీ యాప్ పాస్‌వర్డే కావాలి.

జోహో సంగతి వేరు. ఖాతా భారత్ డేటా సెంటర్‌లో ఉంటే సర్వర్ పేరు 'ఐమ్యాప్.జోహో.ఇన్'. నెట్‌లో దొరికే చాలా ఉదాహరణల్లో 'డాట్ కామ్' ఉంటుంది, అది పెడితే పాస్‌వర్డ్ ఎంత సరైనదైనా తిరస్కరిస్తుంది. సొంత డొమైన్‌తో డబ్బు కట్టి వాడేవాళ్లకు 'ఐమ్యాప్‌ప్రో.జోహో.ఇన్'. జోహో సెట్టింగ్స్‌లో ఐమ్యాప్‌ను (సర్వర్ మీది మెయిల్‌ను బయటి ప్రోగ్రామ్‌లు చదివే పద్ధతి) విడిగా ఆన్ చేయాలి. ఉచిత ప్లాన్‌లో ఆ సౌకర్యం లేదు కాబట్టి ముందు మీది ఏ ప్లానో చూసుకోండి.

జీమెయిల్‌కి చాలినంత వరుస ఇది:

పోల్ ఐమ్యాప్.జీమెయిల్.కామ్ ప్రోటో ఐమ్యాప్
యూజర్ "పూర్తి మెయిల్ చిరునామా" పాస్‌వర్డ్ "యాప్ పాస్‌వర్డ్" ఎస్ఎస్ఎల్ కీప్

'ఎస్ఎస్ఎల్' అని రాస్తే చాలు, పోర్ట్ 993 దానంతటదే తీసుకుంటుంది. పాప్3 (మెయిల్ దించుకునే ఇంకో పద్ధతి) అయితే 995. ఇంకో జాగ్రత్త: 'పోర్ట్ 993' లాంటిది 'యూజర్' తర్వాత రాయకూడదు. సర్వర్‌కి సంబంధించిన మాటలు (ప్రోటో, పోర్ట్, ఆథ్, ఎన్వలప్ వంటివి) యూజర్ కంటే ముందే అయిపోవాలి. పాస్‌వర్డ్, ఎస్ఎస్ఎల్, కీప్, ఫెచ్ఆల్ యూజర్ తర్వాత రావాలి. ఈ వరుస తప్పితే, యూజర్ ఆప్షన్ల తర్వాత సర్వర్ ఆప్షన్ వచ్చిందని ఎర్రర్ ఇస్తుంది. అన్నీ అంకెలే ఉన్న యూజర్ పేరుకి కూడా కొటేషన్ గుర్తులు తప్పనిసరి. ఫైలు పర్మిషన్ 600 (మీరు మాత్రమే చదివి, రాయగలిగేలా) చేయండి. వేరేవాళ్లు చదవగలిగేలా ఉంటే ఫెచ్‌మెయిల్ అసలు మొదలే కాదు, 6 అనే ఎగ్జిట్ కోడ్‌తో బయటికొస్తుంది.

మొదటిసారి నడిపేటప్పుడు డ్యాష్ డి0, డ్యాష్ వీవీ, డ్యాష్ కే అనే మూడు ఆప్షన్లూ ఇవ్వండి. డి0 అంటే బ్యాక్‌గ్రౌండ్‌లోకి పోకుండా ఒక్కసారి నడవడం, వీవీ అంటే సర్వర్‌తో జరిగే సంభాషణంతా తెరమీద చూపడం, కే అంటే సర్వర్ మీద దేన్నీ చెరపకపోవడం. ఆ మూడోది మరిచిపోకండి. ఫెచ్‌మెయిల్ మామూలు అలవాటు, తెచ్చుకున్న ఉత్తరాన్ని సర్వర్ మీద తీసేయడం.

ప్రశ్న: ఇంట్లో ల్యాప్‌టాప్, ఆఫీసులో డెస్క్‌టాప్, చేతిలో ఫోన్. 'కీప్' పెట్టాను. అయినా ఫోన్‌లో చదివిన మెయిల్స్ ల్యాప్‌టాప్‌కి రావడంలేదు. 'ఫెచ్ఆల్' కలిపితే ప్రతిసారీ మొత్తం 4,000 మెయిల్స్ మళ్లీ దిగుతున్నాయి. – హైదరాబాద్ పాఠకురాలు

జవాబు: ఫెచ్‌మెయిల్ పోస్ట్‌మ్యాన్ లాంటిది. ఒకచోట తీసుకుని ఇంకోచోట వేస్తుంది, రెండుచోట్లా ఒకేలా ఉంచే పని దానిది కాదు. ఐమ్యాప్‌లో ఏది కొత్తదో తెలుసుకోవడానికి అది సర్వర్ మీది 'చదివినది' గుర్తునే చూస్తుంది. ఫోన్‌లో మీరు తెరవగానే ఆ గుర్తు పడుతుంది, ఇక ఫెచ్‌మెయిల్ దాని జోలికి రాదు. ఫెచ్ఆల్ ఆ గుర్తును లెక్కచేయదు, కీప్ దేన్నీ తీసేయదు. రెండూ కలిస్తే మీకు జరిగినట్టే జరుగుతుంది.

మీకు సరిపోయే దారి పాప్3. యూజర్ కంటే ముందు 'ప్రోటో పాప్3 యూఐడీఎల్' పెట్టి, యూజర్ తర్వాత 'కీప్' రాయండి. అప్పుడు తెచ్చుకున్న ప్రతి ఉత్తరం గుర్తింపు సంఖ్యనూ హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే 'ఫెచ్‌ఐడ్స్' ఫైలులో రాసుకుంటుంది. ఫోన్‌లో చదివారా లేదా అన్నది దానికి పట్టదు. ఆ ఫైలు పోతే మాత్రం అంతా మొదటినుంచి దిగుతుంది. కంప్యూటర్ మార్చేటప్పుడు కాన్ఫిగ్‌తోపాటు దాన్నీ తీసుకెళ్లండి.

జీమెయిల్‌లో ఇంకో మెలిక ఉంది. పాప్ ద్వారా ఒక యంత్రం ఒకసారి తీసుకున్న మెయిల్‌ను, కీప్ ఉన్నా సరే, జీమెయిల్ రెండో యంత్రానికి చూపదు. యూజర్ పేరు ముందు 'రీసెంట్' అని, కోలన్ గుర్తు పెట్టి, ఆ వెంటనే ఖాళీ లేకుండా చిరునామా రాస్తే గత 30 రోజుల ఉత్తరాలను ఎవరు తీసుకున్నారన్నదానితో పనిలేకుండా అందరికీ చూపిస్తుంది. ల్యాప్‌టాప్‌లోనూ డెస్క్‌టాప్‌లోనూ ఇలాగే రాయండి. నెలకు మించి ఒక యంత్రం ఆపేస్తే మధ్యవి దానికి రావు. జీమెయిల్ సెట్టింగ్స్‌లో పాప్ ఆన్ చేయడం మరిచిపోవద్దు. పాతవన్నీ ఒక్కరోజులో లాగాలని చూడకండి. గూగుల్ వర్క్‌స్పేస్ ఖాతాలకు ప్రకటించిన డౌన్‌లోడ్ పరిమితి రోజుకు పాప్‌కి 1,250 ఎంబీ, ఐమ్యాప్‌కి 2,500 ఎంబీ. దాటితే ఖాతాను కొంతసేపు ఆపేస్తారు.

ఫోల్డర్లన్నీ మూడుచోట్లా ఒకేలా ఉండాలంటే ఫెచ్‌మెయిల్‌తో కుస్తీ పట్టకండి. ఎంబీసింక్ అనే ప్రోగ్రామ్ ఆ పనికే పుట్టింది.

ప్రశ్న: జీమెయిల్ తెలుగు ఇంటర్‌ఫేస్ వాడుతున్నాను. లేబుల్ పేర్లు కూడా తెలుగులోనే. ఇన్‌బాక్స్ ఒక్కటే వస్తోంది. 'ఫోల్డర్' అని రాసి పక్కన "రసీదులు" పెడితే అలాంటి మెయిల్‌బాక్స్ లేదంటోంది. – డాలస్ పాఠకుడు

జవాబు: ఐమ్యాప్ పాత ప్రమాణంలో ఫోల్డర్ పేర్లు నేరుగా తెలుగులో వెళ్లవు. యూటీఎఫ్-7 అనే పద్ధతిని కాస్త మార్చి, ఆ రూపంలో పంపాలి. మెయిల్ చదివే మామూలు ప్రోగ్రామ్‌లు ఈ మార్పిడి లోలోపలే చేసేస్తాయి. ఫెచ్‌మెయిల్ చేయదు, మీరు కాన్ఫిగ్‌లో ఏం రాస్తే అదే సర్వర్‌కి పంపుతుంది.

ఆ రూపం ఏమిటో సర్వర్‌నే అడగవచ్చు. సర్వర్‌తో నేరుగా మాట్లాడటానికి పనికొచ్చే ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లోని 'ఎస్_క్లయింట్'తో ఐమ్యాప్.జీమెయిల్.కామ్ 993 పోర్ట్‌కి కనెక్ట్ అవ్వండి. 'ఎ లాగిన్' అని మొదలుపెట్టి చిరునామా, యాప్ పాస్‌వర్డ్ ఇవ్వండి. తర్వాతి వరుసలో 'బి లిస్ట్' అని రాసి ఖాళీ కొటేషన్ల జత ఒకటి, నక్షత్రం గుర్తు ఉన్న కొటేషన్ల జత ఒకటి ఇవ్వండి. ఫోల్డర్ల జాబితా వస్తుంది. తెలుగు పేర్లు & గుర్తుతో మొదలై - గుర్తుతో ముగుస్తాయి. & వెంటనే పెద్ద అక్షరం 'డి' కనిపిస్తుంది. తెలుగు అక్షరాల యూనికోడ్ సంఖ్యలన్నీ 0సీ తో మొదలవడంవల్ల ఈ పద్ధతిలో ప్రతి తెలుగు పేరుకీ తొలి అక్షరం అదే అవుతుంది, గుర్తుపట్టడం తేలిక. మీ లేబుల్ ఏదో తెలియకపోతే ఆ ఒక్క లేబుల్‌నే సెట్టింగ్స్‌లో 'ఐమ్యాప్‌లో చూపు' తీసేసి మళ్లీ లిస్ట్ అడగండి. జాబితాలోంచి పోయినదే మీది. టిక్కు తిరిగి పెట్టి, ఆ పేరును ఉన్నదున్నట్టు కాపీ చేసి కొటేషన్ల మధ్య పెట్టండి.

'అన్ని మెయిల్‌లు' లాంటి జీమెయిల్ సొంత ఫోల్డర్ల పేర్లు కూడా ఇంటర్‌ఫేస్ భాషతోపాటు మారతాయి. వాటిని కాన్ఫిగ్‌లో రాసుకున్నాక ఎవరైనా ఇంటర్‌ఫేస్‌ను ఇంగ్లిష్‌కి మారిస్తే మర్నాటినుంచి ఫోల్డర్ లేదనే ఎర్రరే.

ఎస్_క్లయింట్‌తో పాప్ సర్వర్‌ని పరీక్షించేవాళ్లకు ఒక హెచ్చరిక. పెద్ద అక్షరం 'ఆర్'తో మొదలయ్యే వరుసను అది తనకిచ్చిన ఆదేశం అనుకుంటుంది, 'క్యూ' అయితే కనెక్షనే తెంచేస్తుంది. 'రెటర్', 'క్విట్' అనే ఆదేశాలను చిన్న అక్షరాల్లో కొట్టండి.

ప్రశ్న: మా కంపెనీ మెయిల్ మైక్రోసాఫ్ట్ 365లో ఉంది. ఫెచ్‌మెయిల్ 6.4తో ఏ పాస్‌వర్డ్ ఇచ్చినా లోపలికి రానివ్వడంలేదు. దారి ఉందా? – విశాఖపట్నం పాఠకుడు

జవాబు: ఉంది, కానీ చుట్టుదారి. కంపెనీ ఖాతాలకు పాస్‌వర్డ్‌తో ఐమ్యాప్, పాప్ వాడకాన్ని మైక్రోసాఫ్ట్ 2022 అక్టోబర్ 1 నుంచి ఆపుతూ వచ్చింది. వ్యక్తిగత అవుట్‌లుక్ ఖాతాలకు 2024 సెప్టెంబర్ 16న ఆపేసింది. ఇప్పుడు పాస్‌వర్డ్‌కి బదులు లాగిన్‌కి వాడే ఓఆత్2 టోకెన్ కావాలి, అది మీ 6.4కి తెలియదు. అందుకని మధ్యలో ఒక ప్రాక్సీని కూర్చోబెట్టాలి. 'ఈమెయిల్ ఓఆత్2 ప్రాక్సీ' అనే ప్రోగ్రామ్ మీ యంత్రంలోనే నడుస్తూ ఇటు ఫెచ్‌మెయిల్‌తో పాత పద్ధతిలో, అటు మైక్రోసాఫ్ట్‌తో టోకెన్‌తో మాట్లాడుతుంది. దాని నమూనా కాన్ఫిగ్‌లో ఐమ్యాప్ పోర్ట్ 1993. ఫెచ్‌మెయిల్‌లో ఇలా:

పోల్ ఆఫీస్‌మెయిల్ వయా లోకల్‌హోస్ట్ ప్రోటో ఐమ్యాప్ పోర్ట్ 1993 ఆథ్ పాస్‌వర్డ్
యూజర్ "పూర్తి చిరునామా" పాస్‌వర్డ్ "మీకు నచ్చినది" ఎస్ఎస్ఎల్‌ప్రోటో "" కీప్

'వయా' ఉంటే ఇదే ప్రాక్సీ వెనుక రెండు మూడు ఖాతాలున్నా పేర్లు కలగాపులగం కావు. 'ఎస్ఎస్ఎల్‌ప్రోటో' పక్కన ఖాళీ కొటేషన్లు పెట్టింది, యంత్రం లోపలి ఈ కనెక్షన్‌కి ఎన్‌క్రిప్షన్ అడగొద్దని చెప్పడానికి. బయటి సర్వర్ వరుసలో మాత్రం ఎన్నడూ అలా రాయకండి. ఇక్కడి పాస్‌వర్డ్ మైక్రోసాఫ్ట్‌ది కాదు, టోకెన్‌ను తాళం వేసి దాచడానికి ప్రాక్సీ వాడుకునేది. ఒకసారి ఏది పెట్టారో ఎప్పుడూ అదే ఉంచాలి.

అసలు అడ్డంకి వేరేచోట ఉంటుంది. ప్రాక్సీకి ఒక క్లయింట్ ఐడీ (మైక్రోసాఫ్ట్ దగ్గర ఆ ప్రోగ్రామ్‌కి ఉండే గుర్తింపు) కావాలి, దానికి మీ కంపెనీ అడ్మిన్ అనుమతి ఇవ్వాలి. ఆయన కాదంటే ఇక్కడ ఏ కాన్ఫిగ్ మార్చినా ఫలితముండదు.

ప్రశ్న: మా కాలేజీ డొమైన్‌కి వచ్చే మెయిలంతా ఒకే పాప్ బాక్స్‌లో పడుతుంది. ఫెచ్‌మెయిల్ దాన్ని లోపలి సర్వర్‌లో ప్రిన్సిపాల్, ఆఫీసు, లైబ్రరీ ఖాతాలకు పంచాలి. టూ వరుసలో పేరున్నవి సరిగానే వెళ్తున్నాయి. బీసీసీలో వచ్చినవి, మెయిలింగ్ లిస్టువి అన్నీ పోస్ట్‌మాస్టర్‌కి చేరుతున్నాయి. – కర్నూలు పాఠకుడు

జవాబు: ఉత్తరం లోపల 'టూ' అని ఏముందన్నది వేరు, కవరు మీద ఎవరి పేరుందన్నది వేరు. బీసీసీ, లిస్టు మెయిల్స్‌లో అసలు గ్రహీత పేరు కవరు మీదే ఉంటుంది. ఒకే బాక్స్‌లో వేసేటప్పుడు ఆ కవరును పారేస్తారు. మీ హోస్టింగ్ సర్వర్ ఆ పేరును హెడర్‌లో (ఉత్తరం పైన ఉండే వివరాల వరుసల్లో) రాసిపెడితేనే ఈ పంపకం కుదురుతుంది.

బయటి ఖాతానుంచి లైబ్రరీ చిరునామాని బీసీసీలో మాత్రమే పెట్టి ఒక మెయిల్ పంపండి. బాక్స్‌లో దాని పూర్తి హెడర్లు తెరిచి లైబ్రరీ చిరునామా కోసం వెతకండి. పోస్ట్‌ఫిక్స్ సర్వరైతే 'ఎక్స్-ఒరిజినల్-టూ' వరుసలో దొరకవచ్చు. క్యూమెయిల్ అయితే 'డెలివర్డ్-టూ'లో, ముందొక తోక తగిలించి ఉంటుంది. ఆ తోకను కొట్టేయడానికి 'క్యూవర్చువల్' అనే మాట ఉంది. దొరికితే కాన్ఫిగ్ ఇలా:

సెట్ పోస్ట్‌మాస్టర్ "ఆఫీస్"
సెట్ నో బౌన్స్‌మెయిల్
పోల్ మీసర్వర్ ప్రోటో పాప్3 ఎన్వలప్ "ఎక్స్-ఒరిజినల్-టూ" లోకల్‌డొమైన్స్ మీడొమైన్ నో డీఎన్ఎస్
యూజర్ "బాక్స్‌పేరు" పాస్‌వర్డ్ "..." టూ * హియర్ ఎస్ఎస్ఎల్

'నో బౌన్స్‌మెయిల్' ఎందుకంటే, స్పామర్లు లేనిపోని పేర్లకు పంపిన చెత్తకి మీ సర్వర్ తిరుగుటపాలు పంపడం మొదలుపెడితే అవి ఏ సంబంధమూ లేనివాళ్లకు వెళ్తాయి, మీ డొమైనే బ్లాక్‌లిస్టులోకి ఎక్కుతుంది.

హెడర్లలో ఎక్కడా లైబ్రరీ పేరు లేకపోతే వదిలేయండి. ఫెచ్‌మెయిల్ ఊహించి పంచుతుంది, ఆ ఊహ తప్పుతూనే ఉంటుంది. మూడు ఖాతాలకు మూడు బాక్స్‌లు తీసుకుని మూడు పోల్ వరుసలు రాసుకోవడం నయం.

ప్రశ్న: పల్లెలో నెట్ మధ్యమధ్య తెగుతుంది. పాప్3తో 60 మెయిల్స్ దిగాక లైన్ పోతే, మళ్లీ కలిసినప్పుడు ఆ 60 తిరిగి దిగుతున్నాయి. – ములుగు జిల్లా పాఠకుడు

జవాబు: పాప్3లో చెరపమన్న ఉత్తరాలు 'క్విట్' ఆదేశం అందాకే నిజంగా చెరుగుతాయి. లైన్ తెగితే క్విట్ వెళ్లదు, సర్వర్ అన్నిటినీ అలాగే ఉంచుతుంది. యూజర్ తర్వాత 'ఎక్స్‌పంజ్ 10' పెట్టండి. పదేసి ఉత్తరాలకొకసారి క్విట్ చెప్పి మళ్లీ కనెక్ట్ అవుతుంది, నష్టం పదికి మించదు. వెంటనే తిరిగి కలిసినప్పుడు మెయిల్‌బాక్స్ లాక్ అయి ఉందని అంటే కంగారుపడకండి. తెగిన పాత కనెక్షన్ ఇంకా ఉందని సర్వర్ అనుకుంటోందన్నమాట, కొన్ని నిమిషాలాగితే వదిలేస్తుంది. 'సెట్ డీమన్ 60' (60 సెకన్లకోసారి చూడమనడం) లాంటి తొందర పెట్టకుండా 600 ఉంచండి.

ప్రశ్న: సర్వర్‌తో అంతా బాగానే జరిగి, చివర్లో 'లోకల్‌హోస్ట్ ఎస్ఎంటీపీ కనెక్షన్ రెఫ్యూజ్డ్' అని ఆగుతోంది. – తెనాలి పాఠకురాలు

జవాబు: ఫెచ్‌మెయిల్ తెచ్చిన ఉత్తరాన్ని మామూలుగా మీ యంత్రంలోని 25 పోర్ట్‌కి అప్పగిస్తుంది. మీ యంత్రంలో పోస్ట్‌ఫిక్స్ లాంటి మెయిల్ సర్వరేదీ నడవడంలేదు. దాన్ని పెట్టుకోండి, లేదా యూజర్ తర్వాత 'ఎండీఏ' అని రాసి, ఉత్తరాన్ని నేరుగా మీ మెయిల్‌బాక్స్‌లో వేసే మెయిల్‌డ్రాప్ ప్రోగ్రామ్ పూర్తి పాత్‌ని కొటేషన్లలో ఇవ్వండి. అక్కడ మెయిల్ పంపే ప్రోగ్రామ్ సెండ్‌మెయిల్‌ని డ్యాష్ టీ ఆప్షన్‌తో మాత్రం పెట్టకండి. అది టూ వరుసలో ఉన్న వాళ్లందరికీ ఆ ఉత్తరాన్ని మళ్లీ పంపుతుంది, మెయిలింగ్ లిస్టులో ఉంటే లిస్టు మొత్తానికీ.