మాస్టారూ, ఆ ఎఫ్‌డీ ముట్టుకోకండి

ఖమ్మం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు అడిగిన ప్రశ్న ఇది, కుదించి చెప్తున్నా. వాళ్ళబ్బాయికి 34 ఏళ్ళు, ఎంబీఏ మార్కెటింగ్, హైదరాబాద్‌లో ఓపెన్ ప్లాట్ల వెంచర్లు వేసే కంపెనీలో పదేళ్ళుగా చేస్తున్నాడు. పేపర్ యాడ్స్, హోర్డింగులు, బ్రోచర్లు, మాల్‌లో స్టాల్, ఆదివారం సైట్ విజిట్‌కి కార్లు పెట్టడం, అన్నీ తనే. ఈమధ్య కంపెనీ ఒక డిజిటల్ ఏజెన్సీని పెట్టుకుంది, అక్కడినుంచి పాతికేళ్ళ కుర్రాడొచ్చి మీటింగ్‌లో సీపీఎల్ (ఒక్కో ఎంక్వైరీకి పడ్డ ఖర్చు) ఇంత, సీటీఆర్ (యాడ్ చూసినవాళ్ళలో నొక్కినవాళ్ళ శాతం) అంత అని మాట్లాడుతుంటే వీళ్ళబ్బాయికి "నువ్వు కోఆర్డినేట్ చెయ్యి" అన్నారంట. డిజైన్లు, కాపీ (యాడ్‌లో రాసే మాటలు) సగం ఏఐతోనే అయిపోతున్నాయి. ఎవరో ఆన్‌లైన్‌లో 11 నెలల ప్రోగ్రాం 1.8 లక్షలు అంటున్నారు, ఎఫ్‌డీ బ్రేక్ చేసి కట్టెయ్యమంటారా, లేదా ఫీల్డే మారమంటారా అని అడిగారు.

మాస్టారూ, రెండూ వద్దు. ఎందుకు వద్దో మీకంటే మీ అబ్బాయికే చెప్పాలి, కాబట్టి ఇక్కడినుంచి తనకి ఫార్వర్డ్ చేసెయ్యండి.

తమ్ముడూ, కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేనూ పేపర్లో యాడ్ స్పేస్ అమ్మినవాణ్ణే, కాలమ్ సెంటీమీటర్ లెక్కన. ఉగాదికి ఫుల్ పేజీ పడితే మర్నాడు ఎన్ని ఫోన్లొచ్చాయో క్లయింటు ఆఫీసులో రిసెప్షన్ అమ్మాయి నోట్‌బుక్‌లో గీతలు గీసి పెట్టేది, నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా. అదే మా అనలిటిక్స్. ఆ గీతలు ఇప్పుడు డ్యాష్‌బోర్డులోకి వెళ్ళాయి, రంగులొచ్చాయి, కానీ ఫోన్ చేసినవాళ్ళలో ఎవరు కొన్నారు అనేది అప్పుడూ ఆ నోట్‌బుక్‌లో ఉండేది కాదు, ఇప్పుడూ ఆ డ్యాష్‌బోర్డులో దానంతటది రాదు. అది నీ దగ్గరుంది. నీ సైట్ విజిట్ రిజిస్టర్లో.

ఇది కొంచెం వివరంగా చెప్తా, అసలు విషయం ఇదే కాబట్టి. లెక్క కోసం అనుకుందాం, ఏజెన్సీ వాళ్ళు 90 వేలు పెట్టి ఒక క్యాంపెయిన్ నడిపారు, 500 లీడ్లు (ఫారం నింపి నంబరిచ్చినవాళ్ళు) వచ్చాయి, లీడ్‌కి 180 రూపాయలు, మీటింగ్‌లో అందరూ ఆహా అన్నారు. ఇంకో క్యాంపెయిన్‌కీ అదే 90 వేలు, కానీ 150 లీడ్లే, ఒక్కోటి 600, దాన్ని ఆపెయ్యమన్నారు. ఇప్పుడు నువ్వు రిజిస్టర్ తీసి చూస్తే మొదటి దాంట్లో సైట్‌కొచ్చినవాళ్ళు 18 మంది, బుకింగ్‌లు రెండు. రెండో దాంట్లో సైట్‌కి 27 మంది, బుకింగ్‌లు ఐదు. అంటే మొదటిది బుకింగ్‌కి 45 వేలు, రెండోది 18 వేలు. ఆపాల్సింది ఏది? ఆ కుర్రాడికి ఇది తెలిసే దారి లేదు, ఎందుకంటే ఫారం నింపినంతవరకే వాడికి కనపడుతుంది, ఆ తర్వాత ఫోన్ ఎత్తారా, కారెక్కారా, వాళ్ళావిడ సైట్ రోడ్డు చూసి మొహం ముడిచారా ఇవన్నీ నీకే తెలుసు.

ఇంకా ఉంది. గూగుల్ యాడ్స్‌లో ఆఫ్‌లైన్ కన్వర్షన్ అని ఒక ఏర్పాటుంది, యాడ్ మీద పడ్డ ప్రతి క్లిక్‌కీ ఒక ఐడీ ఉంటుంది, దాన్ని లీడ్‌తో పాటు దాచుకుని, వాళ్ళు సైట్‌కొచ్చాకో బుక్ చేశాకో తిరిగి గూగుల్‌కి పంపితే, సిస్టమ్ అలాంటివాళ్ళ కోసం వెతకడం మొదలుపెడుతుంది. పంపకపోతే ఊరికే ఫారం నింపే జనాల్నే తెచ్చిపెడుతుంది, దానికేం తెలుసు పాపం. 2021లో గూగుల్ యాడ్స్‌లో పెర్ఫార్మెన్స్ మ్యాక్స్ అనే ఆటోమేటిక్ క్యాంపెయిన్ వచ్చినప్పటినుంచి బిడ్లు పెట్టడం, ఎక్కడ చూపించాలో తేల్చడం చాలావరకు మెషీనే చేస్తోంది. కాబట్టి నిజానికి బటన్లు నొక్కే పనిలో ఉన్న ఆ కుర్రాడికే నీకంటే ఎక్కువ భయం ఉండాలి, వాడితో గొడవ పెట్టుకోకు, టీ తాగించి ఈ ఐడీ సంగతి ఇద్దరూ కూర్చుని సెట్ చేసుకోండి. లీడ్ షీట్‌లో నాలుగు కాలమ్స్ చాలు: ఏ యాడ్ నుంచి, ఫోన్ ఎత్తారా, సైట్‌కొచ్చారా, ఏమైంది. నాలుగోది తెలుగులోనే రాసుకో, "మామగారికి వాస్తు నచ్చలేదు" అని రాసినా పర్లేదు, అవే తర్వాత యాడ్ కాపీకి పనికొస్తాయి.

టూల్స్ మారిపోతున్నాయనే భయం గురించి. 2023 జులై 1న వెబ్‌సైట్‌కి వచ్చేవాళ్ళని లెక్కగట్టే పాత అనలిటిక్స్‌లో గూగుల్ డేటా తీసుకోవడం ఆపేసి అందర్నీ జీఏ4 అనే కొత్తదానికి తోసింది, అప్పుడు ఏ బటన్ ఎక్కడుందో బట్టీ పట్టినవాళ్ళు నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు, ఏం అడగాలో తెలిసినవాళ్ళు కొన్నాళ్ళు తిట్టుకుని పనిలో పడ్డారు. ఇంకోటి నా సొంత బాధ. క్రోమ్‌లో థర్డ్ పార్టీ కుకీలు (ఒక సైట్ నుంచి ఇంకో సైట్‌కి మనిషి వెంటపడి యాడ్స్ చూపించడానికి వాడేవి) తీసేస్తామని గూగుల్ 2020 జనవరిలో చెప్పింది, అంతే, మార్కెటింగ్ ప్రపంచం ముగిసిపోతోందని వర్క్‌షాపుల మీద వర్క్‌షాపులు, నేనూ ఒకదానికి డబ్బు కట్టి రెండు శనివారాలు కూర్చున్నా. 2024 జులైలో ఆ ప్లాన్ మానుకున్నామన్నారు. నా డబ్బులు మాత్రం వెనక్కి రాలేదు. ఆ 11 నెలల ప్రోగ్రాం సిలబస్ కూడా ఒకసారి చూసుకో, అందులో సగం గూగుల్ వాళ్ళ స్కిల్‌షాప్‌లో, ఫేస్‌బుక్ నడిపే మెటా వాళ్ళ బ్లూప్రింట్‌లో, ఈ ఆన్‌లైన్ పాఠాల సైట్లలో ఫ్రీగానే ఉంటుంది. ఎవరో ఒకరు ఎదురుగా ఉండి చెప్తేనే బుర్రకెక్కుతుంది అనుకుంటే అమీర్‌పేటలో చిన్న కోర్సు చెయ్యి, తప్పులేదు, కానీ దానికోసం నాన్న ఎఫ్‌డీ పగలగొట్టక్కర్లేదు.

ఏఐ కాపీ గురించి కూడా భయపడుతున్నావని నాన్న రాశారు. ఏఐని నువ్వే వాడుకో, పది హెడ్డింగులు రాయించుకో, కానీ అది ఏం రాస్తుందో గమనించావా? "ఓఆర్ఆర్‌కి 5 నిమిషాలు, మూడేళ్ళలో డబుల్ గ్యారంటీ" అని ధీమాగా రాసేస్తుంది. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టంలో 12వ సెక్షన్ ప్రకారం యాడ్‌లో తప్పుడు మాట నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాళ్ళకి పరిహారం ఇవ్వాలి, బయటికి వెళ్ళిపోతామంటే వడ్డీతో సహా వెనక్కివ్వాలి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్ అయితే రిజిస్ట్రేషన్ లేకుండా యాడే వెయ్యకూడదు. పదేళ్ళు బ్రోచర్లు దిద్దిన నీ కన్ను ఇక్కడ పనికొస్తుంది, రెరా నంబర్ లేని డిజైన్ బయటికెళ్ళకుండా ఆపేవాడు కంపెనీకి ఒకడు కావాలి. అలాగే డాక్టర్ల లిస్టు, విల్లా ఓనర్ల లిస్టు అని డేటాబేస్‌లు కొని ఫోన్లు కొట్టించే అలవాటు మీ కంపెనీలో ఉంటే (రియల్ ఎస్టేట్‌లో లేనిదెక్కడ!) మెల్లగా మాన్పించు. 2023లో వచ్చిన డేటా ప్రొటెక్షన్ చట్టంలో జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల దాకా ఉంది. పాత కస్టమర్ల లిస్టు మీద కూర్చో, వాళ్ళ బావమరుదులు డల్లాస్‌లో ఉంటారు, మనకి శనివారం రాత్రి ఎనిమిదైతే వాళ్ళకి పొద్దున కాఫీ టైము, అప్పుడు ఫోన్ చేస్తే ఎత్తుతారు.

ఇక చేతికి పని. మీ బావకి ఖమ్మంలో టైల్స్ షాపు ఉందని నాన్న రాశారు కదా, ఆ షాపుకి నీ డబ్బుతో ఫేస్‌బుక్‌లో వాట్సాప్ బటన్ ఉన్న యాడ్ పెట్టు, రోజుకి 300, పదిరోజులు, మొత్తం మూడు వేలు. షాపు చుట్టూ ఓ పాతిక కిలోమీటర్లు పెట్టుకో. ఒకటి ఇంగ్లీషులో నున్నటి డిజైన్, ఇంకోటి బావ చేతనే గోదాములో నిలబెట్టి "కడిగినా జారని బాత్రూం టైల్ ఇది" అని ఫోన్లో తీసిన వీడియో. మెసేజ్‌లు వస్తాయి, సగం వట్టి "హాయ్", కొన్ని "రేటెంత", రాత్రి పదకొండింటికి వస్తాయి, వాటికి ఎంతసేపట్లో రిప్లై ఇస్తే మనిషి షాపుకొచ్చాడో రాసి పెట్టుకో. ఆ మూడు వేలతో నీకు తెలిసేది ఏ సర్టిఫికెట్టూ చెప్పదు, ఇంటర్వ్యూకి వెళ్ళినా ఆ షీటు చూపించొచ్చు.

పదిరోజులయ్యాక ఏ యాడ్ గెలిచిందో నాకు మెసేజ్ పెట్టు, నాకూ తెలుసుకోవాలని ఉంది, నా పందెం బావ మీదే. మాస్టారూ, ఎఫ్‌డీ మెచ్యూరిటీ ఎప్పుడో మీరు రాయలేదు, అప్పటిదాకా దాన్ని అలాగే ఉండనివ్వండి.