చెయ్యి ఊరుకోదు, అదీ అసలు కష్టం

"పదిహేనేళ్లుగా స్పోర్ట్స్ జర్నలిజంలో ఉన్నాను. యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఉద్యోగానికి మారితే నెగ్గుకురాగలనా?" అని అడిగారు.

భేషుగ్గా. ఆటల పేజీలో పంతొమ్మిదేళ్లు చేసి మారినవాణ్ని నేను. పీహెచ్‌డీ లేదని ఇంటర్వ్యూలో చిన్నచూపు చూస్తారు, దానికి సిద్ధపడండి. "పబ్లికేషన్లు ఎన్ని?" అని నన్నడిగారు. నా బైలైన్‌తో, అంటే రాసినవాడిగా నా పేరుతో, అచ్చయినవి వేలల్లో ఉంటాయన్నాను. అవి లెక్కలోకి రావట! లక్షల మంది చదివింది పబ్లికేషన్ కాదు, పదిమంది చదివితే అవుతుంది. సరే, ఆ గొడవ వదిలేద్దాం.

అసలు కష్టం పాఠం చెప్పడం కాదు, మన చెయ్యి ఊరుకోకపోవడం. వార్తలు దిద్దే డెస్కులో, ఏ రిపోర్టర్ కాపీ (రాసిచ్చిన వార్త) వచ్చినా తిరగరాసి పేజీలోకి తోసెయ్యడమే కదా మన పని. మొదటి సెమిస్టర్‌లో పిల్లల కాపీలన్నీ అలాగే దిద్దిపడేశాను, పేజీ నిండా ఎర్రసిరా. ఒకమ్మాయి తన కాగితం పట్టుకుని వచ్చింది. "సార్, ఇందులో నాది పేరొక్కటే మిగిలింది. ఈ మార్కులు నాకా, మీకా?" అంది. నాకు నోట మాట రాలేదు.

అప్పుడే ఎర్ర పెన్ను లోపల పడేసి, ఓ మ్యాచ్ వీడియో పెట్టాను. 2005 మే 25న ఇస్తాంబుల్‌లో మిలాన్, లివర్‌పూల్ ఆడిన ఛాంపియన్స్ లీగ్ ఫుట్‌బాల్ ఫైనల్. (క్లాసులో సగం మంది కామెంటేటర్లు అవుదామని వచ్చినవాళ్లే, అయినా ఈ మ్యాచ్ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే! ఫలితం చెప్పబోమని వాళ్లతో ఒట్టు వేయించుకున్నా.) ఆట ముగిసిన ఐదు నిమిషాలకి మూడు వందల మాటల కాపీ నా బల్ల మీద ఉండాలన్నాను.

మొదటి నిమిషంలోనే మిలాన్ ఆటగాడు మాల్దీని గోల్. విరామంలోపే అదే జట్టు క్రెస్పో ఇంకో రెండు. 3-0. విరామంలో పెన్నులన్నీ పరుగో పరుగు. తొంగిచూస్తే, మిలాన్‌కి అప్పుడే కప్పు ఇచ్చేశారు. ఎడిషన్ టైము తరుముతుంటే నేనూ అదే పని చేసి చేతులు కాల్చుకున్నవాణ్నే. అయినా నోరు మెదపలేదు.

54వ నిమిషంలో లివర్‌పూల్ కెప్టెన్ జెరార్డ్ తలతో ఒకటి. 56లో స్మిచెర్ దూరం నుంచి మరొకటి. 60లో అలోన్సో కొట్టిన పెనాల్టీని మిలాన్ గోల్‌కీపర్ దీదా ఆపాడు, కానీ తిరిగొచ్చిన బంతిని అలోన్సోయే మళ్లీ గోల్లోకి కొట్టాడు. ఆరు నిమిషాల్లో 3-3! క్లాసులో కాగితాలు చింపుతున్న చప్పుడు. పేజీ వదిలే ముందు డెస్కు ఎలా ఉంటుందో చెప్పడానికి నేను అంతకుముందు మూడు క్లాసులు వృథా చేశాను.

చివరికి పెనాల్టీ షూటౌట్‌లో 3-2తో లివర్‌పూల్ గెలిచింది. వచ్చిన కాపీల్లో చాలావాటికి పైన లివర్‌పూల్ విజయగాథ, కింద మూడో పేరాలో "చేతులెత్తేసిన లివర్‌పూల్". పై ముక్క మార్చారు, కింది ముక్క మరిచిపోయారు. ఇంకొకడైతే గెలిచిన కెప్టెన్‌కి ఎలా అనిపించి ఉంటుందో ఊహించి పేరా నింపాడు. మైకు పెట్టి "ఎలా ఫీలవుతున్నారు?" అని అడిగే జాతి ఇలాగే తయారవుతుంది.

ఆ అమ్మాయి కాపీ ఒక్కటే చెక్కుచెదరలేదు. విరామంలో తను రాసింది ఎవరు, ఏ నిమిషంలో, ఎలా కొట్టారన్నది మాత్రమే. మిలాన్ గొప్పదనీ లేదు, లివర్‌పూల్ చచ్చిందనీ లేదు. అందుకే చివర్లో పైన మూడు వాక్యాల లీడ్ (వార్త మొదలు) అతికిస్తే సరిపోయింది. రాత్రి మ్యాచ్‌లకి వెళ్లే రిపోర్టర్లు ఏళ్ల తరబడి తిట్లు తిని నేర్చుకునే విద్య అది.

"ఇది నీకెవరు చెప్పారమ్మా?" అన్నాను.

"మీరు ఎర్రసిరాతో కొట్టేసినవన్నీ విశేషణాలే కదా సార్. లెక్కపెట్టాను."

అంటే నా దిద్దుడు మంచిదైందా, చెడ్డదైందా? ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆమె కాపీలో స్మిచెర్ పేరు తప్పు పడింది. దిద్దబోయి, ఆగి, కింద ఓ గీత గీసి ఇచ్చేశాను.