ఎయిర్‌లైన్ పిలుస్తోంది, వాయుసేన రిలీజ్ ఆర్డర్ ఇంకా రాలేదు: ఏం చేయాలి?

ప్రశ్న: నేను వాయుసేనలో ట్రాన్స్‌పోర్ట్ పైలట్‌ని, హోదా వింగ్ కమాండర్. దుండిగల్ అకాడమీలో కమిషన్ అందుకుని 19 సంవత్సరాల 5 నెలలైంది. కుటుంబం సైనిక్‌పురిలో ఉంటోంది. ఒక ఎయిర్‌లైన్ ఫస్ట్ ఆఫీసర్‌గా (కో-పైలట్‌గా) తీసుకుంటామని లెటర్ ఆఫ్ ఇంటెంట్ ఇచ్చింది. 90 రోజుల్లో చేరాలి, టైప్ రేటింగ్ (ఫలానా రకం విమానం నడిపేందుకు ఇచ్చే శిక్షణ, అర్హత) ఖర్చు కింద 5 ఏళ్ల బాండు రాయాలి అంటున్నారు. ఇప్పుడే ముందస్తు విరమణకు దరఖాస్తు పెడితే పింఛను వస్తుందా? వాయుసేన కాదంటే తెలంగాణ హైకోర్టుకు వెళ్లవచ్చా? మధ్యలో మనసు మారితే దరఖాస్తు వెనక్కి తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ వ్యవహారమంతా మూడు తేదీల మీద ఉంది. ఒకటి, మీకు 20 ఏళ్ల సర్వీసు నిండే తేదీ. రెండు, వాయుసేన మిమ్మల్ని విడుదల చేసే తేదీ. మూడు, ఎయిర్‌లైన్ చేరమన్న తేదీ. మొదటిది ఎవరూ మార్చలేనిది, రెండోది వాయుసేన ప్రధాన కార్యాలయం చేతిలో ఉన్నది. మీరు మాట్లాడి మార్చుకోగలిగింది మూడోది ఒక్కటే. దాని కోసం మొదటి రెండింటినీ తొందరపెట్టారంటే నష్టం మీకే.

ముందు పింఛను సంగతి. అధికారికి రిటైరింగ్ పింఛను రావాలంటే 20 ఏళ్ల క్వాలిఫయింగ్ సర్వీసు (పింఛను లెక్కలోకి వచ్చే సర్వీసు) ఉండాలి. ఈ లెక్క కమిషన్ తేదీ నుంచి మొదలవుతుంది. నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)లో, దుండిగల్ అకాడమీలో క్యాడెట్‌గా గడిపిన కాలం ఇందులోకి రాదు. జీతం లేని సెలవు, అనుమతి లేని గైర్హాజరు ఏవైనా ఉంటే అవీ కోతపడతాయి. మీ సర్వీసు రికార్డు తెప్పించుకుని క్వాలిఫయింగ్ సర్వీసు ఎంతో రాతపూర్వకంగా నిర్ధారించుకోండి. మీరు చెప్పిన ప్రకారం ఇంకా 7 నెలలు ఉంది. పింఛను లెక్కకట్టేటప్పుడు మూడు నెలలు దాటిన కాలాన్ని అర్ధ సంవత్సరంగా తీసుకునే నియమం ఉంది కదా, 19 సంవత్సరాల 9 నెలలకే బయటపడొచ్చు కదా అని కొందరు సలహా ఇస్తారు. సొంతంగా కోరి వెళ్లే అధికారి ఆ నియమం మీద ఆధారపడితే, జీవితకాలపు పింఛనును ఒక వ్యాజ్యం మీద పందెం కాసినట్టే. దరఖాస్తు ఇప్పుడే పెట్టండి. అందులో కోరే విడుదల తేదీ మాత్రం 20 ఏళ్లు నిండాక వచ్చే నెలాఖరుగా రాయండి.

దరఖాస్తులో ‘రాజీనామా’ అని ఎక్కడా రాయకండి. ముందస్తు విరమణ అనే రాయండి. రాజీనామా అన్నారంటే పింఛను అర్హత మీద అనవసరమైన వాదనకు తలుపు తెరిచినట్టవుతుంది.

ఒక ర్యాంకు ఒక పింఛను (ఎప్పుడు విరమించినా ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు ఉన్నవారికి ఒకే పింఛను) విషయం కూడా తెలిసి నిర్ణయం తీసుకోండి. 2015 నవంబరు 7న రక్షణ శాఖ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఆ తర్వాత సొంత కోరికపై ముందస్తుగా వెళ్లేవారికి ఈ పథకం వర్తించదు. ఈ షరతు మీద సాయుధ దళాల ట్రిబ్యునల్‌లో కేసులు నడిచాయి. కాబట్టి ఇంటి బడ్జెట్ వేసుకునేటప్పుడు మామూలు పింఛను మాత్రమే లెక్కలోకి తీసుకోండి. ఒక ర్యాంకు ఒక పింఛను వస్తే అది అదనం.

ఇక అసలు ప్రశ్న: వెళ్లే హక్కు మీకుందా? నచ్చిన వృత్తి చేసుకునే హక్కు 19(1)(జి) అధికరణం ఇస్తుంది. సాయుధ దళాల వారి విషయంలో దాన్ని పరిమితం చేసే అధికారం 33వ అధికరణం పార్లమెంటుకు ఇస్తుంది. 2019లో అమిత్ కుమార్ రాయ్ కేసులో, ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) లేకుండా సివిల్ ఉద్యోగానికి దరఖాస్తు చేసుకున్న ఒక ఎయిర్‌మన్ విషయంలో సుప్రీంకోర్టు సూటిగా చెప్పింది: ఇష్టమొచ్చినప్పుడు సర్వీసు వదిలి వెళ్లే నిరపేక్షమైన హక్కు వాయుసేన సభ్యుడికి లేదు. ఆ తీర్పు ఎయిర్‌మన్ గురించే అయినా దాని తర్కం అధికారులకు ఇంకా గట్టిగా వర్తిస్తుంది. పైలట్ల కొరత అన్న కారణాన్ని కోర్టులు తేలిగ్గా కొట్టిపారేయవు. కాబట్టి దరఖాస్తులో ‘ఎయిర్‌లైన్‌లో మంచి జీతం వస్తోంది’ అన్నది మీ కారణం కాకూడదు. ఆరోగ్యం, తల్లిదండ్రుల బాధ్యత, పదోన్నతి అవకాశాలు మూసుకుపోవడం, వీటిలో నిజంగా ఉన్నదాన్ని మెడికల్ బోర్డు పత్రాలు, పదోన్నతి బోర్డు ఫలితాల వంటి ఆధారాలతో పెట్టండి. లేనిది కల్పించవద్దు. పెద్ద కోర్సు ఏదైనా చేసినప్పుడు ఇన్నేళ్లు సర్వీసులో ఉంటానని హామీపత్రం రాసి ఉంటే ఆ గడువు ముగిసిందా అన్నది ముందే చూసుకోండి. చాలా దరఖాస్తులు ఆగిపోయేది అక్కడే.

విడుదల ఉత్తర్వు అందకుండా, సెలవులో ఉన్నాను కదా అని ఎయిర్‌లైన్ శిక్షణకు వెళ్లడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లో చేయకండి. సెలవులో ఉన్నా మీరు 1950 నాటి వాయుసేన చట్టం కిందే ఉంటారు, అనుమతి లేకుండా మరో ఉద్యోగం చేయకూడదు. సెలవు ముగిశాక తిరిగి హాజరుకాకపోతే 39వ సెక్షన్ కింద అనుమతి లేని గైర్హాజరు. తిరిగి వచ్చే ఉద్దేశమే లేదని తేలితే 38వ సెక్షన్ కింద పరారీ. ఆ మచ్చ పడిన రికార్డుతో పింఛనూ కష్టం, రేపు ఏ ఎయిర్‌లైన్‌లోనైనా నేపథ్య పరిశీలన దాటడమూ కష్టం.

మనసు మారితే వెనక్కి తీసుకోవడం గురించి మీరు భయపడాల్సిన పని లేదు. వింగ్ కమాండర్ టి. పార్థసారథి కేసులో సుప్రీంకోర్టు ముందు సరిగ్గా ఈ ప్రశ్నే వచ్చింది. రద్దు కోరను అని దరఖాస్తుతోపాటు సర్టిఫికెట్ రాసిచ్చినా సరే, విరమణ అమల్లోకి వచ్చే తేదీకి ముందు ఉపసంహరించుకోవచ్చని కోర్టు అంది. ఆ ఉపసంహరణ లేఖ రాతపూర్వకంగా, సరైన మార్గంలో, ఆ తేదీ లోపల చేరాలి. అందినట్టు రసీదు తీసుకోండి.

దరఖాస్తు తిరస్కరిస్తే నేరుగా హైకోర్టుకు వెళ్లకండి. మొదటి మెట్టు, వాయుసేన చట్టం 27వ సెక్షన్ కింద చట్టబద్ధ ఫిర్యాదు. దాని మీద తుది ఉత్తర్వు వస్తే, ఆ తేదీ నుంచి ఆరు నెలల్లోగా సాయుధ దళాల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించాలి. ఫిర్యాదు పెట్టి ఆరు నెలలైనా ఉత్తర్వు రాకపోతే, ఆ పైన మరో ఆరు నెలల్లోగా వెళ్లాలి. తెలంగాణ వ్యవహారాలు చూసేది చెన్నై ప్రాంతీయ బెంచి. ట్రిబ్యునల్ తీర్పు మీద 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లే దారి మూసుకుపోలేదని 2023లో పరశోతమ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే ఫిర్యాదు, ట్రిబ్యునల్ తర్వాత తెలంగాణ హైకోర్టు మీకు మూడో మెట్టు, మొదటిది కాదు. తిరస్కరణ ఉత్తర్వులో కారణాలు లేకపోయినా, మీతో సమానమైన పరిస్థితిలో ఉన్న మరో అధికారిని వదిలి మిమ్మల్ని ఆపినా మీ కేసు బలపడుతుంది. ఫైలు నోటింగుల కోసం సమాచార హక్కు దరఖాస్తు ముందే పెట్టుకోండి.

ఈ 7 నెలలూ ఖాళీగా కూర్చోవద్దు, లైసెన్సు పని పూర్తి చేసుకోవచ్చు. మిలిటరీ వింగ్స్ (సైనిక పైలట్ అర్హత)తో ప్యాసింజర్ విమానం నడపలేరు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే లైసెన్సు తప్పనిసరి. సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు)కు 200 గంటలు, ఏటీపీఎల్ (ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సు)కు 1500 గంటలు, 21 ఏళ్ల వయసు, క్లాస్ 1 మెడికల్ ఉండాలి. మీకు గంటలకు లోటు ఉండదు. చిక్కు వచ్చేది వాటిని నిరూపించడంలో. వాయుసేన లాగ్‌బుక్‌లోని ఫస్ట్ పైలట్, సెకండ్ పైలట్, డ్యూయల్ పద్దులను సివిల్ పద్దుల్లోకి మార్చి రాసేటప్పుడు మొత్తాలు సరిపోలకపోతే ఫైలు ప్రశ్నలతో వెనక్కి వస్తుంది. పగలు, రాత్రి, ఇన్‌స్ట్రుమెంట్, ఒకే ఇంజిన్, బహుళ ఇంజిన్ గంటలు విడివిడిగా చూపే ధ్రువపత్రాన్ని అధీకృత అధికారి సంతకంతో తీసుకోండి. విడుదలయ్యాక పాత యూనిట్ చుట్టూ తిరగడం కంటే లోపల ఉండగా తీసుకోవడం ఎంతో సులువు. పరీక్షలు రాయడానికీ ముందుగా అనుమతి తీసుకోండి.

లాగ్‌బుక్ పేజీలను ఫోన్‌తో ఫొటో తీసి ఎయిర్‌లైన్ హెచ్‌ఆర్‌కు వాట్సాప్‌లో పంపకండి. వాటిలో ఆపరేషన్ల వివరాలు, స్థావరాల పేర్లు ఉంటాయి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం మీకు ఇంకా వర్తిస్తుంది, విరమణ తర్వాతా వర్తిస్తుంది. ధ్రువపత్రం ఒక్కటే ఇవ్వండి.

చివరికి బాండు. కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ చూపి, వృత్తిని అడ్డుకునే బాండు చెల్లదని చాలామంది ధైర్యం చెబుతారు. అంత తేలిక కాదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం వర్తించే షరతులు వేరు, వెళ్లిపోయాక వృత్తిని ఆపే షరతులు వేరు. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో, మూడేళ్ల లోపు వెళ్తే 2 లక్షలు కట్టాలన్న షరతును సుప్రీంకోర్టు సమర్థించింది. అయితే అదే కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, బాండులో ఎంత రాసినా ఆ మొత్తమే గరిష్ఠ పరిమితి, కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే. కాబట్టి సంతకానికి ముందే బేరం చేయండి. బాండు మొత్తం టైప్ రేటింగ్ అసలు ఖర్చు బిల్లులకు సమానంగా ఉండాలి. పనిచేసిన ప్రతి నెలకూ అది తగ్గుతూ పోవాలి. మెడికల్‌గా అన్‌ఫిట్ అయినా, సంస్థ విమానాలు ఆపేసినా, జీతాలు ఆగినా బాండు రద్దవ్వాలి. 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ ఆగిపోయాయి. ఇలాంటి రోజు రాదని ఏ పైలటూ అనుకోకూడదు.

బాండుతో సంబంధం లేకుండా డీజీసీఏ నోటీసు గడువు వేరే ఉంది. 2017 నుంచి ఫస్ట్ ఆఫీసర్‌కు 6 నెలలు, కమాండర్‌కు (విమాన కెప్టెన్‌కు) 12 నెలలు. పాత సంస్థ ఎన్‌ఓసీ లేకుండా కొత్త సంస్థ తీసుకోకూడదు. వివాదాలన్నీ గురుగ్రామ్ లేదా ముంబయి కోర్టుల్లోనే అన్న క్లాజు కూడా చూసుకోండి. ఉద్యోగ ఒప్పందాల్లో అలాంటి క్లాజు చెల్లుతుందని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. హైదరాబాద్‌లో కేసు వేసుకోవచ్చులే అనుకుంటే కుదరదు. తేదీ లేని ఖాళీ చెక్కులు, ఒరిజినల్ సర్టిఫికెట్లు పూచీగా ఇవ్వకండి. చెక్కు బౌన్సయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు అవుతుంది.

ఈ వారమే ఎయిర్‌లైన్‌కు ఒక ఉత్తరం రాయండి: మీ ఆఫర్‌ను స్వీకరిస్తున్నాను, చేరే తేదీ వాయుసేన విడుదల ఉత్తర్వు అందిన తర్వాత 30 రోజుల్లోగా, విడుదల రాకపోతే ఇరువైపులా ఎలాంటి బాధ్యతా ఉండదు. ఈ మాటలకు వాళ్ల నుంచి రాతపూర్వక అంగీకారం వచ్చేదాకా బాండు మీద సంతకం పెట్టకండి.