పాత కానీని తోమకు, అమ్మలూ

అమ్మలూ,

ఊళ్ళు తిరిగి పాత కానీలు, అదే పావు అణా నాణేలు, కొని అమ్ముతావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. దాని గొంతులో సగం టెన్షన్, సగం గొప్ప. నా సంగతీ అంతే.

పదిరెట్ల భూతద్దం, చిన్న త్రాసు కొనుక్కో. నాణేన్ని అంచులు పట్టుకునే ఎత్తు. పీవీసీ కవర్లలో పెట్టకు, జిగటగా పచ్చదనం పడుతుంది. ఇవి నీకు తెలిసే ఉంటాయి.

1906లో పావు అణా రాగి నుంచి కంచుకు మారింది. ఆ ఏడాదివి రెండూ దొరుకుతాయి. రాగిది ఆరున్నర గ్రాముల దాకా తూగుతుంది, కంచుది ఐదుకు కాస్త తక్కువ. కంటిని నమ్మకు, తూచు.

ఐదో జార్జి రాజు బొమ్మున్న కానీ చేతికొస్తే మీసం, చెవి, కిరీటం, భుజం మీది గొలుసులో ఏనుగు చూడు. దీపం ఒక పక్కన పెట్టి నాణేన్ని మెల్లగా తిప్పు. మీసం చదునుగా ఉన్నా మెరుపు దాని మీదుగా జారుతూ పోతే అచ్చు సరిగా పడలేదన్నమాట. మెరుపు అక్కడికొచ్చి చచ్చిపోతే అరిగిందన్నమాట. ధరలో తేడా అంతా ఇక్కడే.

1943 నుంచి వచ్చిన చిల్లు కానీకైతే చిల్లు అంచు చూడు. యుద్ధం రోజుల్లో లోహం కలిసొస్తుందని చిల్లు పెట్టారు, మనవాళ్ళు పిల్లల మొలతాడుకు కట్టారు. దారం రాసుకున్న పక్క నున్నగా ఉంటుంది. మీ అమ్మకీ ఒకటుండేది, అడుగు.

ఇక నా నిర్వాకం. మా నాయనమ్మ బియ్యం డబ్బా అడుగున 1919 కానీ ఒకటి దొరికింది. ముదురు బెల్లం రంగు, అక్షరాల సందుల్లో మాత్రం కొత్తనాటి ఎరుపు. మర్నాడు హైదరాబాదులో ఒక వ్యాపారికి చూపించాలి. మెరిస్తే ఎక్కువిస్తాడని రాత్రంతా కూర్చుని చింతపండు, ఉప్పు, బూడిద పెట్టి తోమాను. గుడిగంటలా అయింది! ఆయన దీపం కింద ఒక్కసారి వాల్చి చూసి, "ఎవరండీ తోమింది?" అన్నాడు. నోరు జారి "మా ఆవిడ" అన్నాను. మీ అత్తయ్య పక్క కుర్చీలోనే ఉంది. ఆయన గోటితో నాణేన్ని నా వైపు తోసేశాడు. ఆవిడ అక్కడ కిక్కురుమనలేదు. బస్సెక్కాక మాత్రం, "ఇంట్లో ఒక్క బిందె తోమని మనిషి, తోమకూడనిది తోమాడు" అంది. పోయేదాకా అంటూనే ఉంది. ఆ రంగు మళ్ళీ రాలేదు.

గట్టిగా అంటుకున్న ముదురు పచ్చ ఫర్వాలేదు. లేతాకుపచ్చ పొడి వేలికంటిందా, అది కంచుకు పట్టే జబ్బు. తేమ తగలకుండా విడిగా ఉంచు.

ఇంకోటి, ఇది గట్టిగా చెబుతున్నా. రామపట్టాభిషేకం బొమ్మతో 1818 ఈస్టిండియా కంపెనీ అర్ధణా అని ఎవడైనా తెస్తే లేచి వచ్చెయ్. కంపెనీ అలాంటి నాణెం వెయ్యనే లేదు. బియ్యాన్ని లాగుతుంది, రైస్ పుల్లింగ్ అన్నాడంటే వాడు మోసగాడే. ఎవరింటికీ ఒంటరిగా వెళ్ళకు. నవ్వకు, నాకు రాత్రి నిద్ర పట్టనిది దీనికే.

ఆ 1919 కానీ ఈ కవర్లోనే పెట్టాను. దీపం కింద వాల్చు, రాజుగారి మీసం మీద నా గీతలు కనిపిస్తాయి. ఎవరైనా తళతళలాడేది చూపిస్తే దీని పక్కన పెట్టి చూసుకో. మీ అత్తయ్య పాత చీర ముక్కలో చుట్టాను, విప్పాక ఆ ముక్క పారేయకు.

మీ మామయ్య