సంతలో గిత్త దగ్గర మొదలుపెట్టు

రావులపాలెం

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం అందింది. రాత్రి కరెంటు పోతే సెల్‌ఫోన్ వెలుతురులోనే చదివేశాను. సైనోడాంట్ల మీద, అంటే క్షీరదాల పూర్వీకులున్న ఆ పాత జీవుల గుంపు మీద, తెలుగులో రాయాలని నీకు బుద్ధి పుట్టినందుకే నాకు సంతోషం. అయినా మొదటి పేజీ మొత్తం కొట్టేశాను, కోపం తెచ్చుకోకమ్మా.

"కోట్ల ఏళ్ల క్రితం..." అని ఎత్తుకున్నావు. కోటికీ పాతిక కోట్లకీ తేడా చదివేవాడి మనసుకు అందదు, నాకే అందదు. మీ నాన్న సంతకు తోలుకెళ్లిన గిత్త గురించి చెప్పావే, అక్కడ మొదలుపెట్టు. బేరమాడేవాడు ముందు దాని పెదవి ఎత్తి చూస్తాడు. "రెండు పళ్ళు వేసింది" అంటాడు. పాలపళ్ళు ఒక్కసారే ఊడి గట్టిపళ్ళు వస్తాయి కాబట్టే ఆ లెక్క కుదురుతుంది. మొసలికి కుదరదు, దానికి బతికినన్నాళ్ళూ కొత్త పళ్ళు వస్తూనే ఉంటాయి. తొలి సైనోడాంట్లకీ పళ్ళు పలుమార్లు మారేవి. సుమారు 20 కోట్ల ఏళ్ల నాటి మోర్గనుకోడాన్ అనే చిట్టి జీవి దగ్గరికొచ్చేసరికి మన పద్ధతే కనిపిస్తుంది. తల్లిపాలు తాగే పిల్లకు మొదట్లో పళ్ళతో పనేముంది?

దవడకు ఒక్క వాక్యమే ఇచ్చావు. అన్యాయం. చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి చూడు. వేలి కింద కదిలేది దవడ కీలు. పాతకాలపు జీవుల్లో ఆ కీలు వేరే రెండు ఎముకల మధ్య ఉండేది. సైనోడాంట్లలో పళ్ళున్న ఎముక పెరుగుతూ, వెనక ఎముకలు చిక్కిపోతూ వచ్చాయి. మోర్గనుకోడాన్‌కి పాత కీలు, కొత్త కీలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. పాత కీలులోని ఆ రెండు ఎముకలే చివరికి మన మధ్యచెవిలో కూటకం, దాగలి అయ్యాయి. దీనికి ఒక పేజీ ఇచ్చినా తక్కువే.

"క్షీరదాల్లాంటి సరీసృపాలు" అన్న మాట మూడుచోట్ల వాడావు. అది పాత మాట. సైనోడాంట్లు సరీసృపాల నుంచి పుట్టలేదు, రెండూ ఒకే తాత నుంచి వేరుపడ్డ దాయాదులు. దాయాదులనే రాయి, మనవాళ్ళకు చప్పున తెలుస్తుంది. నేనూ కుర్రతనంలో డైమెట్రోడాన్‌ని డైనోసార్ అని అచ్చేయించుకున్నవాణ్ణే. ఒక మాస్టారు కార్డు ముక్క రాసి పడేశారు: అది డైనోసార్ల కంటే ముందే పోయిందనీ, పైగా మన వైపు చుట్టమనీ. ఆ కార్డు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

ఇక మన గోదావరి లంకలో పిల్లాడికి సైనోడాంట్ ఎముక దొరికిందని రాశావు. కథ కోసమన్నా ఒప్పుకోను. మన డెల్టా నిన్నా మొన్నటి ఒండ్రు, కొన్ని వేల ఏళ్లది. బావి తవ్వితే ఇసుకా ఆల్చిప్పలే వస్తాయి. నీకు కావలసింది ఎగువన, ప్రాణహిత-గోదావరి లోయలో ఉంది. పాత ఆదిలాబాద్ జిల్లా మలేరి ఎర్రమట్టి రాళ్ళలో ఎగ్జెరెటోడాన్ అనే సైనోడాంట్ దొరికింది. 1982లో దాని వివరాలు అచ్చయ్యాయి. అంతకంటే పైపొరలైన, 'కోట' అని పేరున్న రాళ్ళలో తొలి క్షీరదాల చిన్నచిన్న పళ్ళు దొరికాయి. వరదకు మన రేవులోకొచ్చే ఎర్రనీళ్ళలో ఆ వైపు మట్టీ ఉంటుంది. పిల్లాడి చేత ఆ నీళ్ళు తాకించు, చాలు.

చివరి పేజీ మాత్రం ముట్టుకోలేదు. దక్షిణాఫ్రికాలో గట్టిపడిన బొరియలో త్రినాక్సోడాన్ అనే సైనోడాంట్, దాని పక్కనే పక్కటెముకలు విరిగిన ఉభయచరం. 2013లో రాయి పగలగొట్టకుండా ఎక్స్-కిరణాలతో చూశారని చక్కగా చెప్పావు. "స్నేహం" అన్న మాట ఒక్కటి తీసెయ్. ఆ సైనోడాంట్ నిద్రలో ఉండి ఉంటుంది, అంతే.

తిరగరాసి పంపు. ఆ గిత్త ఎంతకు పోయిందో కూడా రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు