ఫైలు పేరులో ఒక్క క్యాపిటల్ అక్షరం

ప్రశ్న: విండోస్ ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచే ఆర్ (డేటా విశ్లేషణకు వాడే ప్రోగ్రామింగ్ భాష) ప్రోగ్రామును లినక్స్ సర్వర్‌లో పెడితే ‘అలాంటి ఫైలు లేదు’ అంటోంది. ఫైలేమో అదే ఫోల్డర్లో కళ్లెదుటే ఉంది. ఎందుకిలా?

జవాబు: డిస్కు మీద ఉన్న పేరునీ, ప్రోగ్రాములో రాసిన పేరునీ అక్షరం అక్షరం పోల్చి చూడండి. ఒకచోట ‘సేల్స్’ మొదటి ఎస్ క్యాపిటల్, ఇంకోచోట స్మాల్ అయి ఉంటుంది. విండోస్ మీరు పెట్టిన పేరును పెట్టినట్టే దాస్తుంది కానీ, వెతికేటప్పుడు ఆ తేడా పట్టించుకోదు. మ్యాక్ కూడా మామూలు సెట్టింగుల్లో అంతే. లినక్స్‌కు మాత్రం అవి రెండు వేరే ఫైళ్లు. ఫోల్డర్ల పేర్లకూ, పేరు చివర చుక్క తర్వాత వచ్చే ఎక్స్‌టెన్షన్‌కూ ఇదే వర్తిస్తుంది.

ఆర్‌లో ఫోల్డర్లోని ఫైళ్ల పేర్లు చూపే ‘లిస్ట్.ఫైల్స్’ నడిపి, అది చూపించిన పేరునే కాపీ చేసి ప్రోగ్రాములో అతికించండి. చేత్తో టైపు చేయొద్దు. ఇక మీదట పేర్లన్నీ స్మాల్ అక్షరాల్లో, ఖాళీకి బదులు అండర్‌స్కోర్‌తో పెట్టుకోండి. గిట్ (ప్రోగ్రాముల్లో చేసిన మార్పులను నమోదు చేసే సాధనం) వాడేవారికి ఇంకో చిక్కు: విండోస్‌లో పేరులో క్యాపిటల్, స్మాల్ ఒక్కటే మారిస్తే గిట్ సాధారణంగా గమనించదు. ‘గిట్ ఎంవీ’తో ముందు ఏదో తాత్కాలిక పేరుకు, అక్కణ్ణుంచి సరైన పేరుకు, రెండు అంచెల్లో మార్చండి.

ప్రశ్న: ఫోల్డర్లో 12 నెలల సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైళ్లున్నాయి. ఆర్ 9 మాత్రమే చదివింది. ఎర్రర్ కూడా రాలేదు. నాది విండోసే.

జవాబు: పై సమస్యకన్నా ఇది ప్రమాదకరం, ఎందుకంటే మొత్తాలు తప్పుగా వచ్చినా పైకి తెలియదు. ఎలాంటి పేర్లు కావాలో చెబుతూ ‘లిస్ట్.ఫైల్స్’కు ఇచ్చిన ప్యాటర్న్‌ను పోల్చేది విండోస్ కాదు, ఆర్. అది క్యాపిటల్, స్మాల్ తేడా చూస్తుంది. ఆ 3 ఫైళ్ల ఎక్స్‌టెన్షన్ క్యాపిటల్స్‌లో ఉందేమో చూడండి. కొన్ని పరికరాలు, పాత సాఫ్ట్‌వేర్లు అలాగే ఇస్తాయి. ‘లిస్ట్.ఫైల్స్’లోనే ‘ఇగ్నోర్.కేస్’కు ‘ట్రూ’ ఇస్తే 12 వస్తాయి. అయినా సరే, లెక్క 12 కాకపోతే ప్రోగ్రాము అక్కడే ఆగిపోయేలా ‘స్టాప్‌ఇఫ్‌నాట్’తో ఒక వరుస తప్పకుండా రాయండి. పైథాన్ భాషలో ఫైళ్లు వెతికే ‘గ్లాబ్’ తీరు వేరు: విండోస్‌లో అన్నీ పట్టుకుంటుంది, లినక్స్‌లో క్యాపిటల్ తేడా ఉన్నవి వదిలేస్తుంది.

ప్రశ్న: శాస్‌లో (గణాంకాల సాఫ్ట్‌వేర్) వేరియబుల్ పేరు, అంటే డేటాలోని కాలమ్ పేరు, క్యాపిటల్, స్మాల్ ఎలా రాసినా నడుస్తుంది. మరి లినక్స్ లాంటిదే అయిన యూనిక్స్‌లో డేటాసెట్ ఎందుకు కనబడటం లేదు?

జవాబు: వేరియబుల్ పేర్లను చూసేది శాస్, ఫైలు పేర్లను చూసేది యూనిక్స్. అక్కడ డేటాసెట్ ఫైలు పేరు, ఎక్స్‌టెన్షన్‌తో సహా, పూర్తిగా స్మాల్ అక్షరాల్లో ఉండాలి. ఎవరైనా క్యాపిటల్‌తో పేరు మార్చి ఉంటే తిరిగి స్మాల్‌కు మార్చండి. కోట్‌లలో రాసే విలువలకు మాత్రం శాస్‌లోనూ అక్షరం తేడా లెక్కే. ఎస్‌పీఎస్‌ఎస్ అనే మరో గణాంక సాఫ్ట్‌వేర్ కూడా వేరియబుల్ పేర్లలో తేడా చూడదు. స్టేటా సాఫ్ట్‌వేర్, ఆర్, పైథాన్‌లో పట్టికలకు వాడే పాండాస్ చూస్తాయి.